మంచం పక్కన పంపు: చేత్తో చేసే పని యంత్రం దాకా ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్ అన్నం తింటూ చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు తినేసి రండి, వీడియో ఎక్కడికీ పోదు. ఎందుకంటే ఇవాళ మాట్లాడుకునేది మంచాన పడ్డ మనిషి మలమూత్రాల గురించి. వాటిని చేత్తో ఎత్తకుండా ఒక పంపుతో లాగేసి, కడిగి, ఆరబెట్టే యంత్రాల గురించి. వాటి చరిత్ర గురించి.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటుంటారు కదా. "ఎవరిచేతా చేయించుకోకుండా పోతే చాలురా." ఏం చేయించుకోకుండా? ఆ వాక్యంలో కర్మ ఉండదు చూడండి. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పరు.

మా నాయనమ్మదీ అదే కోరిక. తీరలేదు. బాత్రూమ్ దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మళ్ళీ నడవలేదు. 14 నెలలు మంచం మీదే. అన్నీ మా అమ్మే చేసింది, అంటే కోడలు. నాన్న మందులు, బిల్లులు, డాక్టర్లు చూసుకునేవారు. ఆ టైమ్‌లో మాత్రం గదిలోకి వచ్చేవారు కాదు. నేను అప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక శనివారం ఇంటికొచ్చేసరికి అమ్మకి 103 జ్వరం. ఆ రాత్రి డైపర్ నేను మార్చాను. అమ్మ పది నిమిషాల్లో చేసే పని నాకు ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నాయనమ్మ గోడవైపే చూస్తూ ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి బెంగళూరు వెళ్ళే బస్సులో ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను, దీనికి మెషీన్ అనేది ఉండదా అని.

ఉందండి. దాని వెనక దాదాపు వందేళ్ళ కథ కూడా ఉంది.

ముందు అసలు సమస్య ఏంటో అర్థం చేసుకుందాం. కంపు కాదు, అసహ్యం కాదు, అసలు సమస్య చర్మం. మూత్రంలో యూరియా ఉంటుంది, అది విడిపోయి అమ్మోనియా అవుతుంది. దాంతో చర్మం మీద ఉండే సహజమైన ఆమ్లగుణం పోతుంది. మలంలో అరుగుదలకి పనికొచ్చే ఎంజైములు కొన్ని మిగిలి ఉంటాయి. అమ్మోనియా తగిలితే అవి మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టి, అన్నాన్ని అరిగించినట్టే చర్మాన్నీ అరిగించేస్తాయి. రెండూ కలిసి, పైన శరీరం బరువు, కింద తడి పరుపు. ఇంకేముంది, పుండ్లు పడతాయి. అందుకే రెండు మూడు గంటలకోసారి చూడాలి, మార్చాలి, పక్కకి తిప్పాలి. పగలూ రాత్రీ. మా అమ్మకి జ్వరం ఎందుకొచ్చిందో నాకు ఆ బస్సులో అర్థమైంది.

ఇక చరిత్రలోకి వెళ్దాం. 1930ల అమెరికా, మిన్నెసోటా రాష్ట్రం. అక్కడ మిసిసిపీ నదికి రెండు పక్కలా జంట నగరాలు, మిన్నియాపొలిస్, సెయింట్ పాల్. మన హైదరాబాద్, సికింద్రాబాద్ లాగా అనుకోండి. మిన్నియాపొలిస్‌లో యూనివర్సిటీ సర్జన్ ఓవెన్ వాంగెన్‌స్టీన్. అప్పట్లో పేగు అడ్డుపడితే చాలామంది చనిపోయేవారు. ఆయన ఏం చేశాడంటే, ముక్కులోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి, అక్కడ పేరుకుపోయిన ద్రవాన్ని, గాలిని సన్నగా లాగుతూ ఉండే ఏర్పాటు పెట్టాడు. దానికి కరెంటు అక్కర్లేదు! పైన ఒక సీసా నిండా నీళ్ళు, కింద ఖాళీ సీసా. పై సీసాలోంచి నీళ్ళు గొట్టం గుండా కిందికి దిగుతుంటే పైన శూన్యం ఏర్పడుతుంది కదా, ఆ శూన్యమే రోగి లోపలున్నదాన్ని లాగుతుంది. పై సీసా ఖాళీ అయితే నర్సు వచ్చి సీసాలు మార్చేది, అంతే. ఈ పద్ధతి వేలమందిని బతికించింది. నేను దీని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఇంత సింపుల్ డిజైన్ నేను ఉద్యోగంలో ఒక్కటి కూడా రాయలేదు.

నదికి అవతల, సెయింట్ పాల్‌లో ఫ్రెడరిక్ ఫోలీ అనే యూరాలజిస్ట్. మూత్రాశయంలోకి వెళ్ళాక చివర చిన్న బెలూన్ ఉబ్బి, జారిపోకుండా నిలబడే గొట్టం ఆయనది. హాస్పిటల్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, నర్సులు ఇప్పటికీ "ఫోలీస్ వేశారా?" అంటారు. ఆ ఫోలీ ఈయనే. తమాషా ఏంటంటే పేటెంట్ మాత్రం ఆయనకి రాలేదు. డేవోల్ అనే రబ్బరు కంపెనీలో పనిచేసే పాల్ రైషే 1936లో ముందే పేటెంట్ తీసుకున్నాడు. ఫోలీ పోట్లాడాడు, చివరికి ఓడిపోయాడు. పేటెంట్ వాళ్ళకి, పేరు ఈయనకి.

ఒక దశాబ్దంలో, ఒకే నది రెండు ఒడ్డుల మీద, మంచాన పడ్డ మనిషి లోపలి ద్రవాలు బయటికి తేవడానికి రెండు దారులు దొరికాయి. ఒకటి లాగడం, ఇంకోటి ఒక గొట్టం పెట్టి దానంతటది కారనివ్వడం. మూత్రం విషయంలో రెండోదే గెలిచింది. కారణం సులువు. గొట్టం పెట్టి సంచి మంచం కిందకి వేలాడదీస్తే చాలు, పంపు అవసరమే లేదు. దానికి కట్టాల్సిన మూల్యం ఏంటో తర్వాత చెప్తాను.

మలం సంగతి? దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బెడ్‌పాన్, గుడ్డలు, చేతులు. అంతే.

ఎందుకంటే ఇది నిజంగా కష్టమైన ఇంజినీరింగ్. నీళ్ళని లాగడం తేలిక, గాలిని లాగడం తేలిక. ఈ రెంటికీ మధ్యలో ఉండేదాన్ని లాగడమే చావు. పైగా అది ఇవాళ ఒకలా ఉంటుంది, రేపు ఇంకోలా ఉంటుంది. ఇన్‌పుట్ ఇలా ఉంటుందని గ్యారంటీ లేని ప్రోగ్రామ్ రాయమంటే ఎలా ఉంటుందో అలా.

ఈ ప్రశ్న అచ్చం ఇలాగే ఇంకొకళ్ళకి ఎదురైంది. వ్యోమగాములకి. ఆలోచించండి, మనం కమోడ్ మీద కూర్చుంటే సగం పని భూమి చేస్తుంది, కిందకి లాగుతుంది. అంతరిక్షంలో ఆ సాయం లేదు. అపోలో రోజుల్లో పిరుదులకి అతికించుకునే ప్లాస్టిక్ సంచులు వాడారు. అయ్యాక అందులో క్రిమిసంహారక మందు వేసి చేత్తో పిసకాలి. చంద్రుడి మీదకి వెళ్ళినవాళ్ళండీ! 1973లో స్కైలాబ్ స్టేషన్‌లో నాసా గాలి ప్రవాహంతో లాగే టాయిలెట్ పెట్టింది. భూమి చేసే పనిని ఫ్యాన్ చేస్తుంది అన్నమాట. మంచం మీద పడుకున్న మనిషిదీ అదే పరిస్థితి. భూమి లాగుతూనే ఉంటుంది, కానీ లాగిన చోట పరుపే ఉంది, మనిషే ఉన్నాడు. హాస్పిటల్ యంత్రాలు నాసా నుంచి వచ్చాయని నేను చెప్పట్లేదు, అలాంటి థంబ్‌నెయిల్ కూడా పెట్టను. ఇద్దరికీ లెక్క ఒకటే అంటున్నాను, అంతే.

ఇప్పుడు జపాన్ వెళ్దాం. అసలు కథ అక్కడే.

జపాన్ జనాభాలో 65 దాటినవాళ్ళు 1970లో 7 శాతం. 1994కి 14 శాతం. 24 ఏళ్ళలో రెట్టింపు. ఇళ్ళు చిన్నవి, వృద్ధులు ఎక్కువ, చేసేవాళ్ళు కోడళ్ళు. 1972లో సావాకో అరియోషి అనే రచయిత్రి ఒక నవల రాసింది, "కోకొత్సు నో హితో". అకికో అనే ఉద్యోగం చేసుకునే కోడలు, మతి తప్పిన మామగారు షిగెజో. ఆయనకి చేయాల్సినవన్నీ ఆవిడ మీదే పడతాయి. భర్త ఏమో తప్పించుకుంటూ తిరుగుతాడు. పది లక్షల కాపీలకి పైగా అమ్ముడుపోయింది. మరుసటేడే సినిమా కూడా వచ్చింది. అప్పటిదాకా ఇంటి తలుపుల వెనక ఉన్న విషయం దేశం మొత్తం చర్చ అయింది. కథ చదువుతుంటే నాకు అకికో ముఖం మా అమ్మలానే కనపడింది, నాన్నకి ఈ మాట చెప్పలేదు.

జపాన్‌లో ఈ పనికి ఒక పేరుంది: "షిమొ నో సెవా". అంటే "కింద" చేసే సంరక్షణ. ఆ "సెవా" మన "సేవ"లా వినపడుతుంది గానీ రెంటికీ చుట్టరికం ఏం లేదు. మన పెద్దవాళ్ళలాగే వాళ్ళ పెద్దవాళ్ళూ ఇది చేయించుకోకుండా పోవాలనే కోరుకుంటారు. ఎంతగా అంటే, దానికి గుళ్ళున్నాయి! నారా దగ్గర ఇకరుగ ఊళ్ళో కిచిదెన్‌జీ అనే గుడి. జనం "పొక్కురి" గుడి అంటారు. పొక్కురి అంటే పుటుక్కున పోవడం. వృద్ధులు అక్కడికి వెళ్ళి, ఎవరిచేతా కింది సేవ చేయించుకోకుండా తీసుకెళ్ళు స్వామీ అని, తమ లోబట్టలకి పూజ చేయించుకుంటారు. లోబట్టలకి! మనవాళ్ళు మాటల్లో దాచిన కర్మని వాళ్ళు ఏకంగా దేవుడి ముందు పెట్టారు.

ఇక యంత్రం వైపు జపాన్ రెండు దారుల్లో వెళ్ళింది. ఒకటి డైపర్. యూనిచార్మ్ కంపెనీ 1987లో పెద్దవాళ్ళ డైపర్లలోకి దిగింది. రెండోది పంపు. మొదట మూత్రం లాగే యంత్రాలు, తర్వాత మలమూత్రాలు రెంటినీ లాగేవి వచ్చాయి. యూనిచార్మ్ గ్రూపే హిటాచీతో కలిసి 2000ల చివర్లో "హ్యూమనీ" తెచ్చింది. పైకి డైపర్ ప్యాడ్ లాంటిదే, కానీ అందులో సెన్సర్ ఉంటుంది. తడి తగలగానే పంపు ఆన్ అయి, గొట్టం గుండా మూత్రాన్ని ట్యాంకులోకి లాగేస్తుంది. చర్మం దగ్గర ఏమీ మిగలదు. ఇది మూత్రానికి మాత్రమే.

రెండూ చేసే యంత్రాల్లో "మైన్‌లెట్ సావాయాకా" ఒకటి. కొరియాలో క్యురాకో కంపెనీది కూడా ఇలాంటిదే. పనితీరు ఏంటంటే, రెండు కాళ్ళ మధ్య ఒక కప్పు అమరుస్తారు. మలమో మూత్రమో పడగానే సెన్సర్ పసిగడుతుంది. పంపు లాగుతుంది. వెంటనే గోరువెచ్చటి నీళ్ళు చిమ్మి కడుగుతుంది, ఆ నీళ్ళనీ లాగేస్తుంది, చివర్లో వెచ్చటి గాలితో ఆరబెడుతుంది. వాసన ఫిల్టర్‌లో ఆగుతుంది. ఇందాక అన్నాను కదా, గాలికీ నీళ్ళకీ మధ్యలో ఉండేదాన్ని లాగడం కష్టమని. దానికి వీళ్ళు కనిపెట్టిన జవాబు చాలా తెలివైనది: నీళ్ళు కలిపి పల్చన చేయి, అప్పుడు లాగు.

వినడానికి అద్భుతం. మరి లోటు ఎక్కడ? కప్పు ఒంటికి గట్టిగా అతుక్కునుంటేనే పని జరుగుతుంది. మనిషి కాలు కదిపితే సందు వస్తుంది, సందులోంచి కారుతుంది. పుండ్లు పడకుండా పక్కకి తిప్పాలంటారు, తిప్పితే కప్పు జరుగుతుంది. గట్టిగా బిగిస్తే ఆ కప్పు అంచే ఒరుసుకుంటుంది. ట్యాంకు రోజూ ఖాళీ చేయాలి, కప్పు కడగాలి. అంటే మనిషి పని పోదు, రూపం మారుతుంది. రాత్రి మూడుసార్లు లేవడం తప్పుతుంది, పొద్దున్నే ట్యాంకు కడగడం వస్తుంది. రాత్రిళ్ళు నిద్ర లేనివాళ్ళకి ఆ బేరం ఎంత విలువైనదో నేను వేరే చెప్పక్కర్లేదు.

2000 ఏప్రిల్‌లో జపాన్ ప్రభుత్వం సంరక్షణ బీమా మొదలుపెట్టింది. 40 దాటిన అందరూ ప్రీమియం కట్టాలి. ముసలితనంలో మనిషి సాయం, పరికరాలు ఈ బీమా మీద వస్తాయి. మొదలైనప్పుడు సొంతంగా కట్టాల్సింది పదో వంతు. 2012లో ఈ పంపు యంత్రాలని "ఆటోమేటిక్ విసర్జన పరికరాలు" అని పేరు మార్చి అద్దె జాబితాలో చేర్చారు. ఇక్కడ చట్టంలో నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది. పంపు, మోటారు ఉండే పెద్ద డబ్బా అద్దెకి దొరుకుతుంది. ఒంటికి తగిలే కప్పు, గొట్టం, ట్యాంకు మాత్రం కొనుక్కోవాలి. ఎందుకంటే వేరేవాళ్ళు వాడినవి వాడటానికి ఎవరికైనా మనసొప్పదు కదా, అందుకు. ప్రభుత్వ నిబంధనలోకి మనసొప్పకపోవడం అనేది ఒక కారణంగా ఎక్కడం నేనెక్కడా చూడలేదు.

ఇంకో షరతు కూడా ఉంది. మలం కూడా లాగే యంత్రం అందరికీ ఇవ్వరు. సంరక్షణ అవసరాన్ని ఐదు మెట్లుగా లెక్కేస్తారు, పై రెండు మెట్లు, అంటే 4, 5లో ఉన్నవాళ్ళకే సాధారణంగా ఇస్తారు. డబ్బు మిగుల్చుకోడానికి అనుకున్నాను మొదట. కానీ దాని వెనక పెద్ద గొడవే ఉంది.

జపనీస్‌లో మంచాన పడ్డవాళ్ళని "నెతాకిరి" అంటారు, పడుకుని ఇక అలానే ఉండిపోవడం అని అర్థం. అసాహీ పత్రికలో పనిచేసిన యుకికో ఓకుమా అనే జర్నలిస్టు 1990లో ఒక పుస్తకం రాసింది. పేరే ఒక ప్రశ్న లాంటిది: నెతాకిరి వృద్ధులున్న దేశం, లేని దేశం. డెన్మార్క్ లాంటి చోట్ల అవే జబ్బులు, అవే వయసులు, కానీ జనం పొద్దున్నే లేచి, బట్టలు మార్చుకుని, కుర్చీలో కూర్చుంటున్నారు. ఎందుకంటే అక్కడ లేపేవాళ్ళున్నారు. అంటే నెతాకిరి అనేది జబ్బు కాదు, ఎవరూ లేపకపోతే వచ్చే స్థితి అని ఆవిడ వాదన. ప్రభుత్వం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1989 చివర్లో ప్రకటించిన గోల్డ్ ప్లాన్‌లో, మంచాన పడ్డ వృద్ధులు సున్నా కావాలని ఉద్యమం పెట్టింది.

ఇప్పుడు పంపు యంత్రాన్ని ఈ వెలుగులో చూడండి. లేచి కమోడ్ దాకా వెళ్ళగలిగిన మనిషికి ఈ కప్పు పెడితే? ఇక లేవాల్సిన పనే లేదు. కాళ్ళు పోతాయి. శుభ్రం చేసే యంత్రమే మనిషిని మంచానికి కట్టేస్తుంది. అందుకే ఆ షరతు. ఇంజినీర్‌గా నేను ఈ కోణం అసలు ఆలోచించలేదు, నిజం చెప్తున్నా. నాకు కనపడింది సెన్సర్, పంపు, ట్యాంకు. అంతే.

ఇందాక ఫోలీ గొట్టానికి మూల్యం ఉందన్నాను కదా. గొట్టం లోపల ఉన్న ప్రతి రోజూ మూత్రంలోకి బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం అని లెక్క. పది రోజులుంచితే మీరే ఊహించుకోండి. అమెరికాలో 2008 అక్టోబర్ నుంచి మెడికేర్ ఒక రూల్ పెట్టింది: హాస్పిటల్లో ఈ గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ వస్తే దానికయ్యే అదనపు ఖర్చు మేం ఇవ్వం. అంతే, హాస్పిటళ్ళు ఉలిక్కిపడ్డాయి. గొట్టాలు తీసేయమన్నారు. మగవాళ్ళకి పైన తొడిగే కాండోమ్ క్యాథటర్ ఎప్పట్నుంచో ఉంది. ఆడవాళ్ళకో? ఏం లేదు. లోపల గొట్టం, లేదంటే తడి డైపర్. ఎన్నో దశాబ్దాల పాటు అంతే! మన దగ్గరా, అక్కడా. తర్వాత కాలిఫోర్నియాలో మొదలైన ప్యూర్‌విక్ అనే కంపెనీ ఒక వంకర వత్తి లాంటిది తెచ్చింది. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న గొట్టం, ఒంటి బయటే ఆనించి పెడతారు, హాస్పిటల్ గోడకి ఉండే సక్షన్‌కి కలుపుతారు. సన్నగా లాగుతూ ఉంటుంది. లోపలికి ఏదీ వెళ్ళదు. ఇప్పుడు అది బీడీ కంపెనీ చేతిలో ఉంది. చూశారా, 1930లలో మిన్నియాపొలిస్ సీసాలు చేసిన పనే, సన్నగా, ఆగకుండా లాగడం. మూత్రం దగ్గరికి చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పల్చటి విరేచనాలకి ఐసీయూల్లో 2000ల నుంచి ఫ్లెక్సీ-సీల్ లాంటి గొట్టాలు వాడుతున్నారు. అవి లాగవు, కారనిస్తాయి. వరసగా 29 రోజులకి మించి ఉంచకూడదు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇంకొకాయన గురించి మాత్రం చెప్పాలి. అత్సుషి నకనిషి, జపాన్ నుంచి అమెరికా బర్క్‌లీకి చదువుకోడానికి వెళ్ళాడు. 2013లో ఇల్లు మారుతూ, సామాను మోసుకుంటూ నడిచి వెళ్తుంటే రోడ్డు మీద ఆపుకోలేక బట్టల్లోనే అయిపోయింది. పెద్ద మనిషి, నడి వీధి. ఆ అవమానంలోంచి ఆయనకి వచ్చిన ప్రశ్న: అయ్యాక లాగడం కాదు, అవబోతోందని ముందే తెలిస్తే? కంపెనీ పెట్టాడు, "డీఫ్రీ" అనే చిన్న పరికరం చేశాడు. పొత్తికడుపు మీద అతికిస్తే అల్ట్రాసౌండ్‌తో మూత్రాశయం ఎంత నిండిందో చూసి, ఇక తీసుకెళ్ళండి అని ఫోన్‌కి చెప్తుంది. మొదలైంది మలంతో, తేలింది మూత్రం దగ్గర. మలం మళ్ళీ తప్పించుకుంది! 2022 ఏప్రిల్‌లో జపాన్ బీమా ఇలాంటి పరికరాలనీ జాబితాలో చేర్చింది. పంపు ఎవరికి, కబురు చెప్పే సెన్సర్ ఎవరికి అనేది ఆ మనిషి లేవగలడా లేడా అన్నదాన్ని బట్టి.

మా ఇంటి సంగతి. నేను కొన్నాను అండి. ఏ కంపెనీదో చెప్పను. ఆన్‌లైన్లో తెప్పించిన మూత్రం లాగే యంత్రం, నా నెల జీతం కంటే కొంచెం ఎక్కువే అయింది. మొదటి రాత్రి బాగానే పనిచేసింది. రెండో రాత్రి కప్పు జరిగి పరుపంతా తడిసింది. మూడో రాత్రి కరెంటు పోయింది. నాలుగో రాత్రి అది ఎందుకో కూయడం మొదలుపెట్టి ఆగలేదు. నాయనమ్మ అంది, "ఆ మోత ఆపరా, నన్ను లేపి కూర్చోబెట్టండి చాలు." అప్పటిదాకా లేపి కూర్చోబెట్టొచ్చు అని మాకెవరికీ తోచలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి నేర్పించింది. నాన్న ఒక పక్క, అమ్మ ఒక పక్క పట్టుకుని, మంచం పక్కన కమోడ్ కుర్చీలో పగలు రెండుసార్లు కూర్చోబెట్టేవాళ్ళు. అవును, నాన్న. ఆ గదిలోకి ఆ టైమ్‌లో ఆయన రావడం అదే మొదలు. రాత్రిళ్ళు మాత్రం అమ్మ ఆ యంత్రాన్నే పెట్టేది. కప్పు జరగకుండా ఒక పాత చీర ముక్కతో ఎలా కట్టాలో ఆవిడే కనిపెట్టింది. నాయనమ్మ పోయే దాకా ఆ చివరి ఐదు నెలలు అమ్మ రాత్రి పూట నిద్రపోయింది.

యంత్రం అటక మీద పెట్టేశాం. పోయినేడు మా వీధిలో ఒకావిడ, భర్తకి పక్షవాతం వస్తే, అడగలేక అడగలేక అడిగింది. అమ్మ డబ్బా దించి, డెటాల్ నీళ్ళతో తుడిచి ఇచ్చింది. పంపు మాత్రం తీసుకెళ్ళమంది. కప్పు, గొట్టం కొత్తవి కొనుక్కోమంది. మావి వాడొద్దు, బాగోదు అంది. జపాన్‌లో ఇలాంటి రూల్ ఒకటుందని అమ్మకి నేను ఆ తర్వాత చెప్పాను. "దానికి రూల్ ఎందుకు?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఉంటానండి.